తన వాడుక చొప్పున

(మా సంఘ కుటుంబ కూడికలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాటలన్నీ ఆవిడవే. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతుందా? వినబడుతుందా అమ్మా? సరే. 34 ఏళ్లు మైకు లేకుండానే పాఠాలు చెప్పాను కాబట్టి కరెంటు పోయినా మీరు తప్పించుకోలేరు.

పాస్టరు గారు నాకిచ్చిన అంశం చాలా పెద్దది. అనుదిన ఆత్మీయ అలవాట్లు, శిష్యత్వంలో ఎదుగుదల. వేదాంతం నేను చదువుకోలేదు. నేను తెలుగు టీచర్ని, నాకు తెలిసినవల్లా మాటలు. అందుకని ఈ పూట ఒక్క మాట పట్టుకుంటాను. ఆ మాట మన పాత తెలుగు బైబిల్లోనే ఉంది. దాని మీదుగా వందసార్లు నడిచి వెళ్లిపోయి ఉంటాం, ఆగి చూసి ఉండం.

లూకా సువార్త 4వ అధ్యాయం, 16వ వచనం తియ్యండి. యేసు ప్రభువు గురించి. ఫోన్లో చూసేవాళ్లు ఫోన్లోనే చూడండి, నేనేమీ అనను. మధ్యలో మెసేజ్ వస్తే మాత్రం తెరవకండి. ‘తరువాత ఆయన తాను పెరిగిన నజరేతునకు వచ్చెను. తన వాడుక చొప్పున విశ్రాంతిదినమందు సమాజమందిరములోనికి వెళ్లి...’ అక్కడ ఆగండి. ఏమన్నాడు? తన వాడుక చొప్పున. ఇప్పుడు 22వ అధ్యాయం, 39వ వచనం. ‘తన వాడుకచొప్పున ఒలీవల కొండకు వెళ్లగా శిష్యులును ఆయనవెంట వెళ్లిరి.’ మళ్లీ అదే మాట. ఒకటి పరిచర్య మొదట్లో, ఇంకొకటి చివరి రాత్రి. మొదట్లోనూ వాడుకే, చివర్లోనూ వాడుకే.

వాడుక అంటే ఏమిటి? ఇక్కడ అరవై దాటినవాళ్లెవరైనా చెప్పండి. పాల వాడిక. అదీ! మన ఇళ్లల్లో ఆ మాట ఎక్కడ బతికుందంటే పాల దగ్గరే బతికుంది. అవే ఇళ్లకి రోజూ తప్పకుండా పాలు పొయ్యడమే వాడిక. ‘మీకు పాలు ఎవరు వాడిక?’ ‘ఫలానా ఆవిడ వాడిక పోస్తుంది.’ పాకెట్ పాలు వచ్చాక పిల్లలకి ఆ మాట తెలియకుండా పోయింది. మా అమ్మ వాడిక పాలు పోసేది. అందుకే ఈ వచనం ఎప్పుడు చదివినా నాకు సమాజమందిరం కంటే ముందు మా అమ్మ పాలచెంబు కనబడుతుంది.

గేదెకి క్రిస్మస్ తెలియదు

మాకు రెండు గేదెలుండేవి. ఒకటి ఈనితే ఇంకొకటి వట్టిపోయేది. అమ్మ పాలు పోసింది మిషను కాంపౌండులోనూ రైల్వే క్వార్టర్లలోనూ. ఊళ్లో పెద్దిళ్లవాళ్లు మా పాలెం పాలు పుచ్చుకునేవాళ్లు కాదు. ఎందుకో మీకు తెలుసు, నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పొద్దున్నే నాలుగింటికి లేచి పాలు పితికేది. ఐదున్నరకల్లా నేను చెంబు పట్టుకుని వెనకాల నడిచేదాన్ని. ఒకింటికి అరసోల, ఒకింటికి సోల, చంటిబిడ్డ ఉన్న ఇంటికి తవ్వ. కొలిచి పోశాక పైన ఒక చుక్క కొసరు. లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు. ఒక రోజు గీత లేకపోతే నెల తిరిగాక గొడవ.

వాన పడ్డా వెళ్లాలి. జ్వరం వచ్చినా వెళ్లాలి. క్రిస్మస్ రోజున? చెప్పండి, క్రిస్మస్ రోజున గేదె పాలివ్వకుండా ఆగుతుందా? గేదెకి క్రిస్మస్ తెలియదు కదా! అర్ధరాత్రి దాకా పాటలు పాడుకుంటూ ఊరంతా తిరిగొచ్చి, ఆ నాలుగింటికే మళ్లీ దాని పక్కన కూర్చునేది అమ్మ. ఇవాళ పితకకుండా రేపు రెండు పూటలవీ కలిపి పితుకుదాం అంటే కుదరదు. పితకడం మానేస్తే గేదె వట్టిపోతుంది. పశువు ఉన్నవాళ్లెవరినైనా అడగండి.

నేను చెప్పాలనుకున్నది దాదాపు అయిపోయింది. పాస్టరు గారు 40 నిమిషాలిచ్చారు కాబట్టి కూర్చోండి.

మన క్రైస్తవ జీవితాన్ని ఒకసారి చూసుకుందాం. మనకి పండగలున్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంది. ఆ రాత్రి గుడి పట్టదు, బయట కూడా కుర్చీలు వేస్తాం. కొత్త ఏడాదికని ఒక వచనం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకుంటాం. బాగా వచ్చిందనుకోండి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాం. ఉజ్జీవ కూటాలున్నాయి, మూడు రోజులు కన్నీళ్లు పెట్టుకుని వస్తాం. ఇవన్నీ మంచివే. తప్పంటున్నానా? అనడం లేదు. నా కన్నీళ్లు కూడా అక్కడ చాలానే కారాయి. కానీ అవి పండగ పాయసాలు. పాయసంతో బిడ్డ పెరగదు. బిడ్డ పెరిగేది వాడిక పాలతో. కొలిచి పోసిన అరసోలతో, రోజూ.

మనం ఒంగోలు వాళ్లం. మన చరిత్రలోనే చూడండి. 1878 జూలై 3న ఏం జరిగింది? సండేస్కూల్ పిల్లలు కూడా చెప్తారు. గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు వంతులు వేసుకుని, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ అంకె మనకి నోటికి వచ్చు. మరి ఇంకో తారీకు అడుగుతాను, చెప్పండి. 1854 జనవరి 1. ఎవరికైనా వచ్చా? పెద్దాయన చెయ్యెత్తారు. అవును, ప్రార్థన కొండ. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ జూయెట్ దొరగారు, ఆయన భార్య, మన తెలుగు విశ్వాసులు కొద్దిమంది, తెల్లవారకముందే ఆ కొండెక్కి మోకరించారు. అప్పటికి ఆ మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతోంది. ఇన్నేళ్లుగా ఖర్చు పెడుతున్నాం, ఫలితం ఏదీ అని. ఆ ప్రార్థనకి జవాబుగా ఇంకో మిషనరీ, క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. 12 ఏళ్లు. గుండ్లకమ్మ రోజు వచ్చింది 1878లో. మొత్తం 24 ఏళ్లు. ఆ 24 ఏళ్లలో ఎన్ని తెల్లవారుజాములు? లెక్కల మాస్టారు ఉన్నారు కదా, మీరే కట్టండి. మనం పేరు పెట్టుకుని చెప్పుకునేది ఒక్క రోజే. మిగిలినవన్నీ గోడ మీద బొగ్గు గీతలు.

ఇంకో సంగతి. ఆ బాప్తిస్మాలకి ముందు కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో క్లౌ గారు కొంత దూరం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించారు. ఆ కరువు నడిచినన్నాళ్లూ, 15 నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకు? గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని. అడిగినవాళ్లని ఆగమన్నారు. ఆగినవాళ్లు ఆ 15 నెలలూ ఏం చేసి ఉంటారు? మట్టి తట్టలు మోస్తూ, సాయంత్రం బోధకుడి చుట్టూ కూర్చుని ఒక్కొక్క మాట విన్నారు. నాకు నీళ్లలో దిగిన ఆ ఒక్క రోజు కంటే ఈ సాయంత్రాలే పెద్దవిగా కనబడతాయి. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

సరే, మళ్లీ మాటకి వద్దాం. దానియేలు 6వ అధ్యాయం, 10వ వచనం. సింహాల గుహ కథ మనందరికీ తెలుసు. గుహలోకి పోకండి, గుహకి ముందే ఆగండి. ముప్పై రోజులు రాజుకి తప్ప ఏ దేవునికీ మనవి చెయ్యకూడదని శాసనం వచ్చింది. దానియేలుకి ఆ సంగతి తెలిసింది. తెలిసి ఏం చేశాడు? ‘యథాప్రకారముగా అనుదినము ముమ్మారు మోకాళ్లూని...’ యథాప్రకారముగా! ఈ మాట కింద గీత పెట్టుకోండి. పెన్సిల్ లేకపోతే పక్కవాళ్లని అడగండి.

ఆయన రెండు పనులు చెయ్యొచ్చు. ఒకటి, కిటికీ మూసుకోవచ్చు. ముప్పై రోజులే కదా! తలుపులు వేసుకుని మనసులో ప్రార్థించుకుంటే దేవుడు వినడా? మనమైతే అదే చేస్తాం, పైగా దానికి జ్ఞానం అని పేరు పెడతాం. రెండోది, ఆపద వచ్చింది కాబట్టి రోజుకి పది సార్లు ప్రార్థించొచ్చు, నలభై రోజులు ఉపవాసం ప్రకటించొచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. నిన్న మూడు సార్లు, ఇవాళ మూడు సార్లు. నిన్న కిటికీ తెరిచి ఉంది, ఇవాళా తెరిచే ఉంది. చెరపట్టబడి వచ్చినప్పుడు కుర్రవాడు. ఈ శాసనం నాటికి ముసలివాడు. ఇన్నేళ్ల మోకాళ్లవి. ఒక శాసనం వచ్చిందని అవి కొత్తగా ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

ఇప్పుడు ఇంకో విషయం, నాకు ఈ మధ్యనే తట్టింది. దానియేలు శత్రువులు ఆయన్ని ఎలా పట్టుకున్నారు? వెతికారా? వెతకలేదు. ఏ గంటకి, ఏ గదిలో, ఏ కిటికీ దగ్గర ఉంటాడో వాళ్లకి తెలుసు. ఇప్పుడు యోహాను 18వ అధ్యాయం, 2వ వచనం చూడండి. యేసు తన శిష్యులతో పలుమారు అక్కడికి వెళ్తుండేవాడు కాబట్టి, ఆయన్ని అప్పగించే శిష్యుడు యూదాకి కూడా ఆ స్థలం తెలుసు అంటాడు. చూశారా? అప్పగించేవాడికి దారి చూపించింది ఏమిటి? ప్రభువు ప్రార్థన వాడుక! ఆ రాత్రి ఒక్కసారి వేరే చోటుకి వెళ్లి ఉంటే దొరికేవాడు కాదేమో. వెళ్లలేదు. తన వాడుక చొప్పున వెళ్లాడు.

నేను ఈ మాట చదివి ఆ రోజంతా నన్ను నేనే అడుగుతూ ఉన్నాను. నన్ను పట్టుకోవాలని ఎవరైనా అనుకుంటే, పొద్దున్నే ఐదింటికి ఎక్కడ వెతుకుతారు? మోకాళ్ల మీద వెతుకుతారా, మంచం మీద వెతుకుతారా, ఫోన్లో ‘ఆన్‌లైన్’ అని చూసి పట్టుకుంటారా? నవ్వకండి, తమ్ముళ్లూ. మీ సంగతి నాకు తెలుసు. పొద్దున్నే గ్రూపులో వాక్యం బొమ్మ పెడతారు, గులాబీ పువ్వు పెట్టి. ఎవరో పంపింది ఇంకెవరికో పంపుతారు. నేనొకసారి ఒక అబ్బాయిని అడిగాను, బాబూ, ఇందాక పంపావే, ఆ వచనం ఏమిట్రా అని. చెప్పలేకపోయాడు. చెంబు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతోంది, పాలు మాత్రం ఎవరి గొంతులోకీ దిగడం లేదు.

మరి ఇంట్లో ఎలా?

ఇక్కడ అమ్మలందరూ నన్ను చూస్తున్నారు. ఈవిడకేం, రిటైరైంది, మాకు పొద్దున్నే క్యారేజీలు కట్టాలి అని. నిజమే. అందుకే కొలత గురించి మాట్లాడదాం. వాడిక పాలకి కొలత ముఖ్యం. కుండలతో పొయ్యమని ఎవరూ అడగరు.

బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలున్నాయి. పాతవి 929, కొత్తవి 260. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతాయి. ఇది మన పెద్దలు చెప్పిన లెక్క, మంచి లెక్కే. కానీ ఏం జరుగుతుంది? జనవరి 1న ఆదికాండం ఉత్సాహంగా మొదలుపెడతాం. నిర్గమకాండం సగం దాకా బాగుంటుంది. తర్వాత గుడారపు కొలతలు. ఫిబ్రవరి మొదటి వారానికి లేవీయకాండం 13వ అధ్యాయంలో కుష్ఠు పరీక్షల దగ్గరకి వస్తాం. అక్కడ ఆగిపోతాం. మళ్లీ వచ్చే జనవరి 1 దాకా బైబిలుకి సెలవు. మన సంఘంలో చాలామందికి ఆదికాండం కంఠస్థం, ఎందుకంటే ఇరవై సార్లు మొదలుపెట్టారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా. మూడు అధ్యాయాలు వద్దు. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే. రోజుకి అర అధ్యాయం. అరసోల. గట్టిగా, పైకి చదవండి. కళ్లతో చదివితే కళ్లు జారిపోతాయి, నోటితో చదివితే చెవి పట్టుకుంటుంది. చదివాక ఒక్క వచనం నోట్లో ఉంచుకుని వంటింట్లోకి వెళ్లండి. ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అన్నాడు కదా మొదటి కీర్తనలో. రాత్రి కూడా అన్నాడు. రాత్రంతా పుస్తకం పట్టుకుని ఎవడు కూర్చుంటాడు? నోట్లో ఉంచుకున్నది అయితేనే రాత్రి కూడా నములుతాం. గేదె ఏం చేస్తుంది? పగలు మేస్తుంది, రాత్రి నెమరు వేస్తుంది. మళ్లీ గేదె దగ్గరికే వచ్చాను, క్షమించండి.

వేకువనే లేవాలంటే ఏం చెయ్యాలి అని అడుగుతారు. వేకువనే లేవడం రాత్రి పదింటికే తేలిపోతుంది, అమ్మా. ఆదికాండంలో ‘అస్తమయమును ఉదయమును కలుగగా’ అని ఉంది. సాయంత్రం ముందు, పొద్దు తర్వాత. రేపటి రోజు ఇవాళ సాయంత్రమే మొదలైంది. ఫోను పడుకునే గదిలో పెట్టుకుని, అలారం దాంట్లోనే పెట్టి, ప్రభువా నన్ను లేపు అంటే ఎలా? గడియారం కొనుక్కోండి. పెద్ద ఖర్చు కాదు.

పొద్దున్న బొత్తిగా కుదరనివాళ్లు ఉన్నారు. నైట్ డ్యూటీ నర్సమ్మలున్నారు, మిర్చి కోతలకి చీకటితోనే ఆటో ఎక్కేవాళ్లున్నారు. మీరు అపరాధ భావంతో చావకండి. పేతురు యోహానులు ప్రార్థనకి వెళ్లింది పగలు మూడు గంటలకి. అపొస్తలుల కార్యాలు 3వ అధ్యాయం. అది వాళ్ల మామూలు వేళ. ఆ మామూలు దారిలోనే శృంగార ద్వారం దగ్గర కుంటివాడు కనబడ్డాడు. అద్భుతం చేద్దామని బయల్దేరలేదు, వాడుక ప్రకారం గుడికి బయల్దేరారు.

మా అమ్మకి చదువు రాదు. ఇది మీలో కొందరికి ధైర్యం ఇస్తుందని చెప్తున్నాను. నేను బడిలో నేర్చుకుని వచ్చి రాత్రిపూట దీపం దగ్గర చదివేదాన్ని, ఆవిడ వినేది. కంఠస్థం వచ్చినవి నాలుగైదు కీర్తనలు, పరలోక ప్రార్థన. మరి ఆవిడ ప్రార్థన ఎక్కడ? చెంబు దగ్గరే. ఏ ఇంట్లో పాలు పోస్తుందో ఆ ఇంటి కోసం, పోస్తూ ఉండగానే పెదవులు కదిపేది. గార్డు గారింట్లో ఆయన తాగొస్తాడు, ఆ తల్లిని చూడు తండ్రీ. నర్సమ్మ గారికి బిడ్డల్లేరు. ఫలానా ఇంట్లో పరీక్ష తప్పిన పిల్లాడు. ఒక్కో ఇంటికి ఒక్కో మాట, పాలు పోసేంతసేపే. గుమ్మం దిగితే అయిపోయింది. కష్టపడి వేరే సమయం కేటాయించలేదు. ఉన్న పనికే తగిలించింది. మీకు పాల వాడిక లేదు. బస్సు ఉంది. బట్టలు ఆరేసే తాడు ఉంది. ఆరేసే ఒక్కో చొక్కా ఎవరిదో మీకు తెలుసు కదా? ఆ చొక్కా తొడుక్కునేవాడి కోసం ఒక్క మాట.

అలాగే పిడికెడు బియ్యం. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేవాళ్లు మన అమ్మమ్మలు, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఆన్‌లైన్లో కానుక పంపుతున్నాం, మంచిదే, లెక్క సరిగ్గా ఉంటుంది. కానీ ఆ పిడికెడు ప్రతి పూటా తియ్యాలి కాబట్టి, ప్రతి పూటా దేవుడూ గుర్తొచ్చేవాడు, ఆకలిగా ఉన్నవాడూ గుర్తొచ్చేవాడు.

ఇప్పుడు ఒక ప్రమాదం గురించి. కొందరు ఇందాకటినుంచి మనసులో అనుకుంటున్నారు, వాడుక అయితే వట్టి ఆచారం అయిపోదా, పరిసయ్యుల్లాగా? అవుతుంది. తప్పకుండా అవుతుంది. వాడిక పాలలో నీళ్లు కలిపేవాళ్లు లేరా? గీత పడుతుంది, పాలు మాత్రం పల్చగా ఉంటాయి. ఇది నాకు జరిగింది, చెప్తాను. మా కోడలు మొహం చూడలేను ఇప్పుడు, అయినా చెప్తాను.

నేను పొద్దున్నే హాల్లో కూర్చుని ప్రార్థన చేసుకుంటాను. మా కోడలు ఉద్యోగానికి ఎనిమిదింటికి వెళ్లాలి. ఒకరోజు నేను మోకాళ్ల మీద ఉండగా కుక్కరు విజిల్ వేసింది. ఒకటి, రెండు, మూడు. నేను కళ్లు తెరవకుండానే అరిచాను, ప్రార్థన చేసుకునేవాళ్లు కనబడటం లేదా, ఈ ఇంట్లో దేవుడంటే భయం లేదా అని. ఇంకా ఏవేవో అన్నాను. మా మనవరాలు అప్పుడు రెండో తరగతి. పక్కన కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. అది తలెత్తి అడిగింది కదా, ‘నాయనమ్మా, ప్రార్థన అయిపోయిందా, తిట్టడం మొదలైందా?’ అని.

ఏం చెప్పను? ఆ రోజు నా గోడ మీద గీత పడింది. సమయానికి లేచాను, అధ్యాయం చదివాను, మోకరించాను. అన్నీ యథాప్రకారముగా. కానీ పాలు విరిగిపోయాయి. ఎందుకు విరిగాయి? మా అమ్మ చెప్పేది, కుండకి నిన్నటి వాసన ఉంటే ఇవాళ్టి పాలు నిలవవు అని. రోజూ చెంబుని బూడిదతో, చింతపండుతో తోమేది. పితకడం ఎంత ముఖ్యమో తోమడం అంత ముఖ్యం. నేను పొద్దుటి వాడుక పెట్టుకున్నాను గానీ రాత్రి తోముకునే వాడుక పెట్టుకోలేదు. కోడలి మీద ముందురోజు నుంచి ఏదో కోపం ఉంది, అది గిన్నె అడుగున ఉండిపోయింది. ఎఫెసీ పత్రికలో పౌలు ఏమన్నాడు? ‘సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు.’ అదీ రోజు లెక్కే. కోపానికి కూడా ఒక్క రోజే గడువు.

అప్పటినుంచి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన రాత్రి తొమ్మిదిన్నరకి మార్చాం, కోడలికి కుదిరే వేళకి. పది నిమిషాలు. ఒక పాట, నాలుగు వచనాలు, పరలోక ప్రార్థన. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అనే చోట ఒక్క క్షణం ఆగుతాం. ఆ క్షణంలో ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే చెప్తారు. చాలా రోజులు ఎవరూ ఏమీ చెప్పరు. ఫ్యాను చప్పుడు వినబడుతుంది, అంతే. మొదటిరోజు నేనే చెప్పాను, కుక్కరు సంగతి. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మా అబ్బాయికి ఏమీ అర్థం కాక సీలింగు చూస్తూ కూర్చున్నాడు.

మీరు రోజూ ప్రార్థనలో ఎంతసేపు కూర్చుంటారని నేను అడగను. మీరు ప్రార్థనలోంచి లేచాక మీ ఇంట్లోవాళ్లు దగ్గరికి వస్తారా, పక్కకి తప్పుకుంటారా, అది అడుగుతాను. జవాబు మీరు చెప్పొద్దు, మీ పిల్లల్ని అడగండి. పిల్లలు దాచరు.

పౌలు తిమోతికి రాసిన మాట ఒకటి ఉంది. ‘దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము.’ సాధకము! ఎంత మంచి తెలుగు మాట వేశారో చూడండి. సంగీతం నేర్చుకునేవాళ్లకి తెలుసు. కచేరీ వేరు, సాధకం వేరు. కచేరీకి పట్టుచీర, జనం, చప్పట్లు. సాధకానికి తెల్లవారుజాము, చాప, అవే సరళీ స్వరాలు. ఎంత విద్వాంసుడైనా సాధకం మానేస్తే ముందు తనకి తెలుస్తుంది, తర్వాత గురువుకి తెలుస్తుంది, ఆఖర్న జనానికి తెలుస్తుంది. ‘నీకు నీవే’ అన్నాడు. మనకోసం పాస్టరు గారు సాధకం చెయ్యలేరు. యూట్యూబ్‌లో ప్రసంగం వింటే కచేరీ విన్నట్టు, గొంతు మనకి రాదు.

ఎండిపోయిన రోజులుంటాయి. మావారు పోయాక దాదాపు ఏడాదిన్నర నాకు ప్రార్థన రాలేదు. మాటలు రాలేదు. కోపం కాదు, ఏమీ లేదు, అంతే. అయినా ఐదింటికి మెలకువ వచ్చేది, అలవాటైన ఒళ్లు కదా. లేచి కూర్చుని కీర్తన ఒకటి చదివేదాన్ని. రుచి లేదు. జ్వరంలో గంజి తాగినట్టు. ఎప్పుడు మారిందో చెప్పమంటే తారీకు చెప్పలేను. ఒకరోజు చదువుతూ ఉంటే ఒక వచనం దగ్గర ఆగాను. అంతే. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ నేను ప్రార్థనని నిలబెట్టుకున్నాననుకున్నాను, అది నన్ను నిలబెట్టింది.

ఇంకో ఐదు నిమిషాలు. లూకా 9వ అధ్యాయం 23వ వచనం, శిష్యత్వానికి అసలు వచనం. సిలువ ఎత్తుకుని నన్ను వెంబడించమని మత్తయి రాశాడు, మార్కు రాశాడు. లూకా ఒక్కడే ఇంకో మాట చేర్చి రాశాడు. చూసి చెప్పండి. ‘ప్రతిదినము తన సిలువను ఎత్తికొని.’ ప్రతిదినము. ఆ ఒక్క మాటతో ఎంత తేడా వచ్చింది! ఒక్కసారి ఎత్తుకుని ఫొటో దిగేది కాదు. మన సాక్ష్యాలు చూడండి. ఫలానా సంవత్సరం ఫలానా కూటంలో రక్షింపబడ్డాను. దేవునికి స్తోత్రం. మరి మొన్న మంగళవారం ఏం జరిగింది? అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం, మన్నా, కొందరు మర్నాటికి దాచుకుంటే ఏమైంది? ‘పురుగుపట్టి కంపు కొట్టెను.’ ఇరవై ఏళ్ల కిందటి మన్నా ఇప్పటికీ గిన్నెలో పెట్టుకుని తిరుగుతున్నామేమో, ఒకసారి మూత తీసి చూసుకోండి.

మా అమ్మ చివరి మూడేళ్లు నా దగ్గరే ఉంది. మతిమరుపు బాగా వచ్చింది. అన్నం తిన్న పది నిమిషాలకి అన్నం పెట్టవా అనేది. నన్ను ఒక్కోసారి ‘టీచరమ్మ గారూ’ అనేది, నేనెవరో తెలియక. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మంచం మీద కూర్చునేది. కుడిచెయ్యి ఇలా వంచి, లేని చెంబు వంచి, వరసగా చెప్పుకుంటూ పోయేది. గార్డు గారిల్లు. పక్కన పాయింట్స్‌మన్ ఇల్లు. నర్సమ్మ గారు. చంటిబిడ్డ ఇల్లు. ఒక్కో ఇంటి దగ్గర ఆగి పెదవులు కదిపేది. ఆ ఇళ్లు పడగొట్టి చాలా ఏళ్లైంది. వరస మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎనిమిదో ఇల్లు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. ‘ఆ బాబు’ అనేది, అంతే. చిన్నప్పుడు నేను చెంబు మోసిన వరసలో ఎనిమిదో ఇంట్లో బాబెవరూ గుర్తులేడు. నేను మానేశాక కుదుర్చుకున్న వాడిక ఇల్లేమో.

ఇప్పుడు రెండు నిమిషాలు నేనేమీ మాట్లాడను. పాట వద్దు, కీబోర్డు వద్దు. తమ్ముడూ, ఆ స్విచ్ ఆపెయ్యి. మీ వరసలో ఇళ్లు ఏవో ఒక్కొక్కటీ తలుచుకోండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకెళ్లక్కర్లేదు.